స్టోర్స్ తలుపు దగ్గర తెగిన కాల్

మా బొగ్గుగనుల ఆఫీసు గోడలు ఎంత మందమంటే ఫోన్ సిగ్నల్ గుమ్మం బయటే ఆగిపోతుంది. లోపల వైఫై ఒక్కటే దిక్కు. దాన్ని చూసుకునేది నేను. అది బాగా నడిచినన్నాళ్లూ నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పగానే మా అకౌంట్స్ అక్క, బెంగళూరులో నర్సింగ్ చదివే బిడ్డకు వీడియో కాల్ చేస్తుంది. ఆ ఫోన్ ప్రతి టేబుల్ దగ్గరా ఆగుతుంది. అందరం కూరలు చూపిస్తాం, ఆ పిల్ల తన పళ్లెం చూపిస్తుంది. హాస్టల్లో ఒంటరిగా కూర్చుంటే ఆమెకు ముద్ద దిగదు. చివరికి ఫోన్ పక్క గదిలోని స్టోర్స్‌కు పోయి, అక్కడ పనిచేసే మా బోథ్ ఊరి కాక, ఆ పిల్ల 'తాతా' అని పిలిచే ఆయన, తన జొన్నరొట్టె చూపించాకే ఆమె తినడం మొదలుపెడుతుంది.

నేను సెలవులో ఉన్నప్పుడు పాత వైఫై డబ్బా తీసేసి, గదికొకటి కొత్తవి బిగించారు. ఆ రోజు నుంచే ఫోన్ స్టోర్స్ తలుపు దాటితే కాల్ తెగడం మొదలైంది.

"తమ్మీ, తాత కనవడ్తలేడని పోరి తింటలేదు. సదువు ఇడ్సిపెట్టి ఇంటికొస్తనంటుంది. జర జల్ది చూడు" అంది అక్క. ఆ గొంతు విన్నాక నాకూ అన్నం సహించలేదు.

ముందు ఇనుప తలుపును తిట్టుకున్నాను. తర్వాత డబ్బాల పవర్ తగ్గించాను, పెంచాను. రెండు గదుల్లోనూ సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి, కాల్ మాత్రం తెగుతూనే ఉంది. విసిగిపోయి ఫోన్ చూస్తూ మెల్లగా నడిస్తే తెలిసింది: తలుపు ఇవతల వైఫై పేరు 'అకౌంట్స్', అవతల 'స్టోర్స్'. బిగించినవాడు ఏం పేరు పెట్టాలని అడిగితే మావాళ్లు తలా ఒక జెండా పాతుకున్నారు! పేరు మారితే ఫోన్‌కు అది వేరే లోకం. రెండింటికీ ఒకే పేరుంటే డబ్బా మారినా కాల్ సాగుతుంది.

కాక ఒప్పుకోలేదు.

"నా స్టోర్స్ పేరెందుకు తీస్తవ్? గాళ్లదే తియ్యి!"

నాకు మండింది. "కాకా, గా పేరు కాడనే పోరి ఫోన్ తెగుతుంది. నిన్ను చూడక ఆకలితో ఉంటుంది."

కాక విప్పబోతున్న టిఫిన్ బాక్సు పక్కన పెట్టాడు.

"ముందుగాల్నే చెప్పరాదురా? రెండూ తీసెయ్. 'తిన్నవా బిడ్డా' అని పెట్టు."

అదే పెట్టాను. మరునాడు అక్క ఫోన్ పట్టుకుని తలుపు దాటుతుంటే ఆఫీసంతా వెనకే నడిచాం. కాల్ తెగలేదు. కాక రొట్టె తుంచి ఫోన్ ముందు పట్టుకున్నాడు.

"తాతా, నువ్వు తిను" అంది ఆ పిల్ల.

"నువ్వు తిను ముందు."

ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేదాకా, ఆయన చేతిలో రొట్టె అట్లాగే ఉంది.