వేరుశనగ దులిపిన చేతులు

నాకు కుదురు తక్కువ. బడికి వేసవి సెలవులిస్తే చాలు, కాళ్లు ఇంట్లో నిలవవు. జీవశాస్త్రం టీచర్ని కదా, ఈసారి శ్రీలంక సముద్రం ఒడ్డున తాబేళ్ల గుడ్లు కాపాడేవాళ్లకు నెలరోజులు ఊరికే పనిచేసి పెడతానని బయల్దేరాను. కరువుసీమ అనంతపురంలో, గోరంట్ల దగ్గర మా చేను చూసుకునే అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"ఈడ తాగేదానికే నీళ్లు లేవు. నువ్వు సముద్రంలో ఉండేవాటికి కాపలా కాస్తావా? పోయి రా పో. విత్తనమేసే టయానికి మాత్రం ఈడ ఉండల్ల."

అక్కడ పని తెల్లవారకముందే మొదలయ్యేది. రాత్రి తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోయిన చోటు వెతకాలి. అలలు అందేంత దగ్గరగా ఉంటే ఆ గుడ్లను తీసి, ఎగువన కంచె కట్టిన ఇసుకలో మళ్లీ పూడ్చాలి. నియమం ఒక్కటే. గుంతలో గుడ్డు ఏ వైపు పైకి ఉందో చివరిదాకా ఆ వైపే పైకి ఉండాలి. తిరగబడితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. శిబిరం నడిపే పెద్దావిడ, మా ఇద్దరికీ వచ్చిన కాస్త ఇంగ్లీషులో, ఈ మాట మూడుసార్లు చెప్పింది. నేను నోటుపుస్తకంలో గుడ్డు బొమ్మ గీసి పైకి బాణం గుర్తు కూడా పెట్టుకున్నాను.

నా వంతు వచ్చినరోజు గుంత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇసుకలో చెయ్యి పెట్టగానే గుడ్లు గుత్తిగా వేళ్లకు తగిలాయి. అంతే, చేతులు నా మాట వినలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ వేరుశనగ చెట్లు పీకి, మన్ను దులిపి, కాయలు కోసిన చేతులవి. మన్ను అంటిన కాయ గంపలో వేస్తే మా ఇంట్లో తిట్లు పడేవి. గుడ్డు తియ్యడం, అరచేతుల మధ్య దొర్లించి ఇసుక రాల్చడం, బకెట్లో వెయ్యడం. ఎంత చురుగ్గా చేస్తున్నానో అని లోపల మురిసిపోయాను కూడా. మొదటి బకెట్ నిండింది. తల తిప్పి చూస్తే, పక్క గుంత దగ్గర పెద్దావిడ ఒక్కో గుడ్డునూ పొర్లిపోయేలా ఉన్న పాలగిన్నెలా పట్టుకుని ఎత్తుతోంది. నోటుపుస్తకంలో గీసుకున్న బాణం అప్పుడు గుర్తొచ్చింది. తీసిన ప్రతి గుడ్డూ లెక్కపెట్టాలి కాబట్టి అంకె తెలుసు. నలభై ఒకటి.

రెండో బకెట్‌లోవి ఊపిరి బిగబట్టుకుని ఒద్దికగా తీశాను. మొదటి బకెట్‌లోవి కొత్త గుంత అడుగున, రెండోదానివి పైన సర్ది ఇసుక కప్పాం. "తిరగబడకుండా తీశావు కదా?" అని పెద్దావిడ అడిగింది. తల ఊపాను. హోంవర్కు గురించి పిల్లలు అబద్ధమాడితే క్లాసు అదిరేట్టు కేకలేసే మనిషిని, సిగ్గు లేకుండా తల ఊపాను.

మిగిలిన రోజులు రోజూ పదిసార్లు ఆ కంచె దగ్గరికి పోయి నిలబడేదాన్ని. చెబుదామని నోరు తెరవడం, మంచినీళ్లు అడిగి వెనక్కి రావడం. సెలవులైపోయాయి. పిల్లలు బయటికి రావడానికి యాభై రోజులకు పైనే పడుతుంది. నేను చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

ఇక్కడ ఒక చిన్న వాన పడితే అక్క వేరుశనగ విత్తించింది. ఆ తర్వాత చుక్క లేదు. నేను బడి నుంచి నేరుగా చేనికి పోయి, సాళ్లలో అక్కడక్కడా వేలితో తవ్వి గింజ మొలిచిందా అని చూసేదాన్ని. అక్కకు ఒళ్లు మండింది.

"ఏందే అది, కోడి కెలికినట్ల? చూస్తే మొలిచేదైతే నేనే పొద్దంతా చూస్తా కుచ్చోనుందును."

చూస్తున్నది ఆ గింజల్ని కాదని చెప్పలేదు.

ఆ చేలో ఉండగానే పెద్దావిడ ఫోన్ చేసింది. మనం పూడ్చిన గూడులోంచి పిల్లలు వచ్చాయి, అన్నీ సముద్రంలోకి పోయాయి అంది. ఏడుపు వచ్చినంత పనైంది. అయితే అడుగున కొన్ని గుడ్లు పిల్లలవలేదు, కింద తేమ ఎక్కువైనట్టుంది, రేపటినుంచి ఆ వరుసలో గుంతలు లోతు తగ్గించి తీస్తాం, అంది.

నా తప్పును నీళ్ల మీదికి నెట్టేయడానికి దారి దొరికింది. అనంతపురం మనిషికి, నీళ్లు ఎక్కువై చచ్చాయని చెప్పుకునే యోగం మళ్లీ రాదు. కానీ లోతు తగ్గితే ఎండకు గుడ్లు ఉడికిపోతాయని నాకు నేర్పింది ఆవిడే. ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు పూడ్చేవి కూడా నా చేతుల మీదే పోతాయి.

"లోతు తగ్గించకండి. తేమ కాదు. ఆ గుడ్లను నేను దొర్లించాను" అన్నాను.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

"పాడైనవి నేను లెక్కపెట్టినవీ అన్నే" అంది. "ఆ రోజు నిన్ను అడిగాను కదా" అంది. గొంతు పెంచలేదు. ఫోన్ పెట్టేసింది.

అక్కకు ఇంగ్లీషు రాదు. నా ముఖం చూసి చేతిలో పని వదిలేసి వచ్చింది.

"ఏమైందే? ఎవరన్నా పోయినారా?"

ఈసారి తల ఊపి ఊరుకోలేదు. నోరు తెరిచి, మొదటినుంచీ చెప్పాను.