ఆంటీ అంటే ఎవరు?

మా ఆసుపత్రి నరాల విభాగంలో చీటీలు రాసే ఆవిడని అందరం ఆరాలక్క అంటాం. నాది పక్క కిటికీ. నేను పది చీటీలు రాసేలోపు ఆవిడ ఒకటి రాస్తుంది. వచ్చినవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే గానీ కలం కదపదు. వరుసలో ఉన్నవాళ్లు సణుక్కుంటూ నా కిటికీ మీద పడతారు. నాకు ఒళ్లు మండేది. పైవాళ్లకి ఫిర్యాదు చేసింది కూడా నేనే, దాచడం ఎందుకు.

ఒకరోజు ఒక తల్లి తొమ్మిదేళ్ల కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. పిల్లకి రెండేళ్లుగా ఫిట్స్. మందు వేస్తున్నకొద్దీ ఇంకా నీరసించి, నడవడం కూడా మానేసింది. పాత ఫైల్లో ‘ఆంటీలకు చెవుడు, ఫిట్స్. అంకుల్‌కు షుగర్’ అని ఉంది. నేనైతే అదే ఎక్కించి పంపేసేదాన్ని. ఆరాలక్క కలం పక్కన పెట్టింది.

“ఆంటీ అంటే ఎవరమ్మా? పాపకి మేనత్తా, పిన్నా?”

ఒక పిన్ని, ఒక పెద్దమ్మ అని ఆ తల్లి చెప్పింది. అంకుల్ అంటే మేనమామ. పిన్ని కొడుక్కీ చెవుడే. మేనమామ పిల్లలు మాత్రం గుండ్రాయిల్లా ఉన్నారు. తండ్రి వైపు ఎవరికీ ఏమీ లేదు. ఆరాలక్క ఇదంతా చీటీ వెనకాల గీసి, తనే డాక్టర్ గదిలోకి పట్టుకెళ్లింది.

డాక్టరుగారు ఆ కాగితం రెండుసార్లు చూశారట. ఒంట్లోని కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత జన్యువులు ఉంటాయని, అవి తల్లి నుంచే బిడ్డకు వస్తాయని, అక్కడ తప్పుంటే ఒంటికి శక్తి చాలక ఫిట్స్, చెవుడు, షుగర్ లాంటివి వస్తాయని చెప్పారు. పరీక్షలో అదే తేలింది. అలాంటి పిల్లలకు పడని మందునే ఇన్నాళ్లూ వేస్తున్నారు. వెంటనే మార్చారు.

ఆ తల్లి కిటికీ దగ్గరకొచ్చి, “అయితే నా వల్లేనా?” అని ఏడ్చింది.

“మీ అమ్మ నీకు తెలిసి ఇచ్చిందా? నువ్వూ అంతే,” అంది ఆరాలక్క.

జబ్బు పోలేదు, పోయేదీ కాదు. కానీ ఫిట్స్ బాగా తగ్గాయి. మొన్న ఆ పిల్ల తల్లి చేయి వదిలేసి, తనంతట తానే ఆరాలక్క కిటికీ దాకా నడిచొచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి. మా చీటీలో ఇప్పుడు పిన్నికీ మేనత్తకీ వేరువేరు గడులున్నాయి. అలా అచ్చు వేయించమని పైవాళ్లకి రాసింది కూడా నేనే. పిల్ల ఆరాలక్క కలం అడిగి తీసుకుని చీటీ మీద తన పేరు తనే రాసింది.

“థాంక్యూ ఆంటీ,” అని కలం తిరిగిచ్చి, నాలుక కరుచుకుంది. “కాదు, పెద్దమ్మా.”

ఆరాలక్క ఆ ఒక్క చీటీ మాత్రం ఇంకో ప్రశ్న అడగకుండా నాకంటే ముందే రాసేసింది.