ఉప్పును తుడవని మనిషి

పూరీ సముద్రపు ఒడ్డున మా ఫొటోగ్రాఫర్లకు మెడలో కెమెరా, భుజాన గాముఛా, బుగ్గన పాన్ ఉంటాయి. ఆ తువ్వాలూ ఆ పానూ కలిసి కెమెరాను ఎలా తినేస్తాయో మాకు తెలియజెప్పిన మనిషి హరమణి అపా, మా అందరికీ అక్క.

ఒడ్డునున్న స్వర్గద్వారం శ్మశానం వెనక సందులో ఆమెది ఒంటి గది. సముద్రం అక్కడికి కనిపించదు, వినిపిస్తుంది. ఉత్తరపు కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద శుభ్రానికొచ్చిన ఊరి లెన్సులన్నీ వరసగా, నిద్రపోతున్న కళ్లలాగా. ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేయదు. గాలి తిరిగితే దుమ్ము తిరుగుతుందంటుంది.

పదకొండేళ్లు ఒక కంటి ఆసుపత్రిలో డాక్టర్ల పరికరాలు శుభ్రం చేసిందామె. ఆమె తమ్ముడూ మాలాగే ఒడ్డున ఫొటోలు తీసేవాడు. ఒకరోజు అతను లెన్సు మీద నోటితో ఆవిరి ఊది గాముఛా కొసతో రుద్దుతుంటే చూసి, లాక్కుని, ఆసుపత్రి భూతద్దం కింద పెట్టింది. అందులో కనిపించింది ఇప్పటికీ చెబుతుంది. పాన్ నములుతూ ఊదిన ఊపిరిలో సున్నం తుంపర ఉంటుంది. గాముఛాలో ఎండిన సముద్రం ఉంటుంది, అంటే ఉప్పు, ఇసుక. మేమంతా రోజుకు పదిసార్లు చేసే పని అదే.

అందుకే ఆమె గుమ్మం బయట నీళ్లకుండ, సబ్బుబిళ్ల ఉంటాయి. లెన్సు తెచ్చినవాడు ఎంతటివాడైనా పాన్ ఉమ్మి, నోరు పుక్కిలించి, మోచేతుల దాకా కడుక్కుంటేనే లోపలికి అడుగు.

నటబర బరాళ్ ఆ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. ముప్పై నాలుగేళ్లుగా ఒడ్డున ఉన్నవాడు, మా అందరికీ భాయినా, అంటే పెద్దన్న. హరమణి జడ వేసుకోవడం నేర్చుకునే రోజులకే తను లెన్సు తుడిచేవాణ్ణని నవ్వేవాడు.

మార్గశిరంలో ఆయన నవ్వు ఆగింది. యాత్రికులు అడిగేది సూర్యోదయంలో ఫొటో. సూర్యుడికి ఎదురుగా తిప్పగానే ఆయన కెమెరాలో బొమ్మంతా పాలు ఒలికినట్టు తెల్లబడుతోంది. జనం కెమెరా తెర మీద చూసుకుని మొహమాటంగా పక్కవాడి దగ్గరికి నడిచేవాళ్లు. ఊళ్లోని ఒక దుకాణంలో చూపిస్తే గాజు నిండా గీతలు, లెన్సు పని అయిపోయిందన్నారట. కొత్తది కొనే శక్తి లేదు. బాలుగావ్‌లో అల్లుడికి ఎండుచేపల కొట్టుంది, వచ్చి గల్లా దగ్గర కూర్చోమని కూతురు ఎప్పటినుంచో అడుగుతోంది. ఈ గురువారం లక్ష్మీపూజ కాగానే బయలుదేరతానని మాట ఇచ్చేశాడు. మంగళవారం మధ్యాహ్నం నాతో ఆ సంగతి చెబుతూ ఆయన సముద్రం వైపు చూడలేదు. నేను చెయ్యి పట్టుకుని హరమణి దగ్గరికి లాక్కెళ్లాను.

గుమ్మంలోనే పేచీ. పాన్ ఉమ్మనన్నాడాయన. తను వచ్చింది లెన్సు చూపించడానికి గాని నోరు చూపించడానికి కాదన్నాడు. హరమణి లేవలేదు.

"భాయినా, లెన్సు నీదే, నోరూ నీదే. గది నాది. రెండూ లోపలికి రావాలంటే ఒకటి కడుక్కుని రా."

పక్కింటావిడ బియ్యం చెరుగుతూ పకపకా నవ్వింది. ఆయన గొణుక్కుంటూ కుండ వైపు నడిచాడు. ఆయన ఖాళీ బుగ్గను నేను చూడటం అదే మొదలు. ఏదో ఊరికి దారి తప్పిన మనిషిలా ఉన్నాడు.

హరమణి లెన్సు విప్పి, వెనకనుంచి టార్చి వేసి, ఇటూ అటూ వంచి చూసింది.

"గాజు చావలేదు."

"గీతలన్నారే."

"ఉన్నాయి. మూడు. నీ గాముఛా పెట్టిన సంతకాలు. ఈ తెల్లదనం వాటిది కాదు. ఉప్పు, తలనూనె, సున్నం, పొర మీద పొర."

రోజూ స్పిరిట్ పెట్టి రుద్దుతున్నాను కదా అన్నాడాయన. స్పిరిట్‌కు నూనె లొంగుతుంది, ఉప్పు లొంగదు అందామె. ఇన్నాళ్లూ ఉప్పురవ్వల్ని గాజు మీద ఊరేగించావంది.

లెన్సును నేలవైపు వంచి రబ్బరుబుడ్డితో గాలి కొట్టింది. మెత్తటి కుంచెతో అంచుల్లోని ఇసుక దులిపింది. తర్వాత బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు తీసింది. ఒక్క చుక్క కూడా గాజు మీద నేరుగా వేయలేదు, వేస్తే అంచులోంచి లోపలికి దిగుతుందట. పలుచటి కాగితం ముక్కను తడిపి, పిండి, జ్వరం వచ్చిన నుదుటి మీద పరిచినట్టు పరిచింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఎత్తి, పారేసి, కొత్తది పరిచింది. అలా తొమ్మిదిసార్లు. ఒక్కసారీ రుద్దలేదు. ఉప్పు తనంతట తాను కరిగి కాగితంలోకి వెళ్లిపోతుంటే, కిటికీలోని వెలుగు గాజులోకి కొద్దికొద్దిగా తిరిగొచ్చింది.

నటబర భాయినాకు కూర్చోవడం చేతకాలేదు. "తుడవవా నువ్వు?" అన్నాడు చివరికి.

"తుడిస్తే ఒక్క నిమిషం. ఇన్నేళ్లూ ఆ నిమిషం ఆదా చేసే కదా ఇంత దూరం వచ్చావు."

రెండు సున్నపు మచ్చలు నీళ్లకు కదల్లేదు. అప్పుడు మాత్రం ఆమె భూతద్దం కింద చాలాసేపు చూసింది. సున్నం అప్పటికే గాజు మీది పూతను తిని ఉంటే చేయగలిగింది లేదు. బోలెడు నీళ్లలో చుక్క వెనిగర్ కలిపి, దూదిపుల్ల కొసతో మచ్చ మీద మాత్రం తాకించింది. పది అంకెలు లెక్కపెట్టి శుద్ధమైన నీటి కాగితంతో అద్దింది. ఒక మచ్చ పోయింది. రెండోది గుండుసూది తలంత మిగిలింది.

"ఇది పోదు. ఎండ నేరుగా పడితే బొమ్మలో ఒక చుక్క కనిపించొచ్చు. మిగతాదానికి నాది పూచీ."

ఆఖరున కొత్త కాగితానికి స్పిరిట్ తడి చూపించి, నడిమి నుంచి అంచు దాకా గుండ్రంగా ఒక్కసారి, ఈగ వాలినంత తేలిగ్గా తిప్పింది. ముందువైపు పలుచటి అద్దం బిగించింది. ఇకమీదట సముద్రం కొట్టేది దీన్ని, ఇది పాడైతే దీన్నే మార్చుకోమంది. కెమెరాను గాముఛాలో చుట్టి పెట్టొద్దనీ, మూతపెట్టి డబ్బాలో తేమ పీల్చే పొట్లాలతో ఉంచమనీ చెప్పింది. బాగుపడిందో లేదో అని ఆయన గొణిగితే, పొద్దున్న సూర్యుణ్ణి అడగమంది.

బుధవారం తెల్లవారుజామున ఆయన నాకంటే ముందే ఒడ్డున ఉన్నాడు. చేపపొలుసు రంగులో నీళ్లు వెలిగి, అంచున ఎర్రటి గీత లేచింది. ఆసన్‌సోల్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి నిలబడింది, ముసలావిడ, కోడలు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన సూర్యుడికి ఎదురుగా కెమెరా ఎత్తాడు. మీట నొక్కాడు.

తెర మీద ముసలావిడ మొహం వచ్చింది. మొహం వెనక ఎర్రటి సూర్యుడు, చెంపమీద గాలికి లేచిన నెరసిన వెంట్రుకలు, లెక్కపెట్టేంత విడివిడిగా. పాలు లేవు, పొగ లేదు. కుడి మూలన ఒక చిన్న చుక్క ఉంది. ఆయన దాన్ని చూశాడు. అర అడుగు ఎడమకు జరిగి మళ్లీ తీశాడు. చుక్క లేదు.

ముసలావిడ తెర మీదకు వంగి చాలాసేపు చూసుకుంది. తర్వాత కోడల్ని పక్కకు జరగమని, తన ఒక్కదానికే ఇంకొకటి తీయమంది. వెనక ఇంకో కుటుంబం వచ్చి నిలబడింది.

జనం పలచబడ్డాక ఆయన కూతురికి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"రేపు పూజ అయ్యాక వస్తానమ్మా. ఒక్క పూట భోజనానికి. గల్లా దగ్గరికి ఇంకెవరినైనా చూసుకోమని అల్లుడికి చెప్పు. పొద్దున్నపూట నాకు ఇక్కడ పని ఉంది."