మైలతుత్తం వేసిన కుంట

2022 వేసవి. పొదిలికి అవతల ఒక మెట్ట గ్రామంలో పశువుల డాక్టరుగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. మాది వేటపాలెం. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. ఆసుపత్రి వెనక గదిలోనే ఉండేదాన్ని. పశువుల జబ్బుల గురించి తప్ప నాతో మాట్లాడే పని ఎవరికీ ఉండేది కాదు. కొన్ని ఆదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోయేవి.

మధ్యాహ్నం ఊళ్ళు తిరిగి వచ్చేటప్పుడు కోటేశ్వరరావు గారి మిరపచేను దగ్గర బండి ఆపేదాన్ని. భార్య పోయాక ఆయన చేలోనే రేకుల షెడ్డు వేసుకుని ఉంటున్నారు. పక్కనే నీటికుంట. కూలి పనులు చేసుకునే మరియమ్మ తన గేదె రాణిని సరిగ్గా ఆ వేళకే నీళ్ళకు తోలుకొచ్చేది. ఆవిడకూ ఇంట్లో రాణి తప్ప ఎవరూ లేరు. ముగ్గురం షెడ్డు నీడన కూర్చుని పది నిమిషాలు కబుర్లు చెప్పుకునేవాళ్ళం. రోజు మొత్తం మీద నాకు దక్కే కబుర్లు అవే.

మార్చి నెలాఖరుకు కుంట బాగా తగ్గి, నీళ్ళు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. పైన పెయింటు ఒలకబోసినట్టు తెట్టు.

"డ్రిప్పు పైపులన్నీ పూడుకుపోతున్నాయి డాక్టర్ గారూ. ఈ నాచుకేం చెయ్యాలి?" అని అడిగారు కోటేశ్వరరావు గారు.

"కాస్త మైలతుత్తం వెయ్యండి, పోతుంది," అన్నాను. ఆ రోజు తొందరలో ఉన్నాను. బండి దిగకుండానే, కాపర్ సల్ఫేటు నాచును చంపుతుందని కాలేజీలో ఎప్పుడో విన్న ముక్క చెప్పేసి వెళ్ళిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. వెళ్ళేసరికి రాణి కుంట గట్టున పడిపోయి వణుకుతోంది. ఊపిరి అందడం లేదు. మిరప, పత్తి పండే ఆ వైపు పశువు ఇలా పడితే ముందు అనుమానించేది పురుగుమందునే. దానికి విరుగుడు అట్రోపిన్. గబగబా ఎక్కించాను. పనిచేయలేదు. అరగంటలో ప్రాణం పోయింది. మరియమ్మ దాని మెడ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"మొన్న కల్లంలో కాయలు తొక్కిందని నా రాణిని తిట్టిపోశాడు. ఇయ్యాల నీళ్ళల్లో మందు కలిపి చంపాడు," అంది. కోటేశ్వరరావు గారు నా వైపు చూశారు.

పోస్ట్‌మార్టంలో నాకు అనుమానం వచ్చింది. పొట్టలో పురుగుమందు వాసన లేదు. ఇంజెక్షనుకు ముందు చూసినప్పుడు పురుగుమందుకు ముడుచుకోవాల్సిన కనుపాపలు కూడా ముడుచుకుని లేవు. పొట్టలోని నీళ్ళూ కుంటలో నీళ్ళూ సీసాల్లో పట్టి, కొన్ని పురుగుమందుల పరీక్షకు, కొన్ని ప్రయోగశాలలో పనిచేసే నా స్నేహితురాలికి పంపాను.

ఫలితాలకు మూడు వారాలు పట్టింది. ఈలోగా మరియమ్మ పేట నుంచి ఒక్క కూలీ కూడా కోటేశ్వరరావు గారి చేలో దిగలేదు. ఆఖరి కోత కాయ చెట్టు మీదే ఎండి రాలుతోంది. ఆయనొక్కరే ఒడి కట్టుకుని కోసేవారు. నేను బండి ఆపడం మానేశాను. పరీక్ష తేలేదాకా ఎవరి పక్షానా ఉండకూడదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చివరికి స్నేహితురాలు ఫోను చేసింది. "పురుగుమందు లేదు. నువ్వు నాచు అనుకున్నది సైనోబాక్టీరియా. అనటాక్సిన్ తయారుచేసే రకం."

సైనోబాక్టీరియా అంటే నాచులా కనబడే ఒక సూక్ష్మజీవి. అనటాక్సిన్ ఒక ఆల్కలాయిడ్, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే ఒక తరహా రసాయనం. పొగాకులోని నికోటిన్ కూడా ఆల్కలాయిడే. నరం కండరానికి కబురందించే దగ్గర నికోటిన్ పట్టుకునే చోటే అనటాక్సిన్ కూడా పట్టుకుంటుంది, కానీ వదలదు. కండరాలు వణికి వణికి చచ్చుబడతాయి, ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు లేదు.

"ఆ నీళ్ళల్లో ఏమైనా వేశారా? కణాలన్నీ పగిలిపోయి ఉన్నాయి," అంది తను.

ఆ జీవి బతికున్నంతకాలం విషం చాలావరకు దాని కణాల్లోనే ఉంటుంది. మైలతుత్తం పడితే కణాలు పగిలి విషమంతా నీళ్ళలోకి దిగుతుంది. తెట్టు విడిపోయి నీళ్ళు తేటగా కనబడతాయి. పశువు కడుపారా తాగుతుంది. ఫోను పెట్టేశాను. చెప్పుకుందామంటే ఒక్క మనిషి లేడు.

సాయంత్రం కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

"మైలతుత్తం వల్లేనని ఆ రోజే అనుకున్నానమ్మా," అన్నారాయన.

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే మీ దగ్గరికి ఇంకెవరు గొడ్డును తోలుకొస్తారు? మీరు ఊరికి కొత్త. నాదేముంది, ఈ ఊరివాణ్ణి, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. నీళ్ళు చెడిపోయాయని చెప్పండి, చాలు."

మరియమ్మ ఇంటి ముందు బియ్యం చెరుగుతోంది. అది నీళ్ళలో పుట్టిన విషమనీ, కోటేశ్వరరావు గారి తప్పేమీ లేదనీ చెప్పాను. అక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను.

ఆవిడ చాట పక్కన పెట్టింది. "వారం నుంచీ ఆ పచ్చనీళ్ళే తాగిందిగా డాక్టరమ్మా. ఆ రోజే ఎందుకు పోయింది?"

"మైలతుత్తం వెయ్యమని నేనే చెప్పాను. దాంతో విషమంతా నీళ్ళలోకి దిగింది. ఆ నీళ్ళు గేదె తాగుతుందని ఆలోచించలేదు," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రోజూ నీ ఎదురుగానే తాగేది కదమ్మా," అని చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు కోటేశ్వరరావు గారి చేలో కూలీలు దిగారు. అందరికంటే ముందు మరియమ్మ. మధ్యాహ్నం నేను అటు వచ్చేసరికి షెడ్డు నీడన ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. బండి వేగం తగ్గించాను. ఆయన చెయ్యెత్తారు. ఆవిడ తల తిప్పుకుంది. ఆగకుండా వచ్చేశాను.

తర్వాత రెండేళ్ళు ఆ ఊళ్ళోనే పనిచేశాను. కోటేశ్వరరావు గారు భయపడినట్టేమీ కాలేదు, గొడ్లను నా దగ్గరికి తోలుకొస్తూనే ఉన్నారు. ఇప్పుడు కుంట గురించి ఎవరేమడిగినా ముందు బండి దిగుతాను. ఇందులో నీళ్ళు ఎవరు తాగుతారని అడుగుతాను. జవాబు వినేదాకా మందు పేరు ఎత్తను. అది నాకు రాణి నేర్పింది. షెడ్డు నీడన ఆ పది నిమిషాలు మాత్రం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.