పేక పోగు పట్టుకుని కాల్హేర్‌ దాకా

పదిహేను కాపురాలను ఒకే ఉదయం, ఒకే రోడ్డు మీద, కత్తీ కర్రా లేకుండా కూల్చబోయిన మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ వ్యాసం రాస్తున్న నన్ను చూడండి. నేను వాడిన ఆయుధం రెండు మూరల నూలు పోగు. నా ఉద్దేశం స్త్రీ పురుష సమానత్వం. ఫలితం ఏమిటో చెబుతాను, కాస్త నీళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోండి, ఎండాకాలం కథ ఇది.

తొంభైల చివర్లో మాట. ముంబై పక్కన భివండిలో మాకు నాలుగు మరమగ్గాల షెడ్డు, అదే ఊళ్లోని నిజాంపురాలో చిన్న నూలు దుకాణం ఉండేవి. షెడ్డు నా భార్య సుగుణ చూసుకునేది, దుకాణం నేను చూసుకునేవాణ్ని. అంటే, ఆమె పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నాలుగు మగ్గాల మధ్య, రేకుల కప్పు కింద, తెగిన పోగు వెనక పోగు ముడివేస్తూ తిరిగేది. నేను దుకాణంలో స్టూలు మీద కూర్చుని పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ని. స్టూలు మీంచి చాయ్ హోటల్ దాకా, హోటల్ నుంచి స్టూలు దాకా, అదీ నా వ్యాయామం. మూఢనమ్మకాల మీద మాట్లాడమంటే మాత్రం మూడు గంటలు నిలబడి మాట్లాడగలను. నా సత్తువంతా దవడల్లో ఉండేది.

అట్లాంటి నేను మే నెల ఎండలో పరిగెత్తానంటే దానికి కారణం మా సంఘం ఏటా పెట్టే దంపతుల పరుగు. తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ మా వాళ్లందరూ పిల్లల బడి సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున నిజాంపురాలో జమై, భార్యాభర్తలు జంటలుగా కాల్హేర్ గోదాముల దాకా పరిగెత్తేవాళ్లు. ముందు ఎవరు చేరతారన్నదానికంటే ఎవరు కూలబడకుండా చేరతారన్నదే అసలు పోటీ. నిజం చెప్పనా? ఆ పరుగు మా ఇద్దరికీ పండగ. ఏప్రిల్ నుంచే తెల్లారి లేచి సాధన చేసేవాళ్లం. మగ్గాల చప్పుడు లేని చోట మేమిద్దరం మాట్లాడుకోగలిగిన సమయం అదొక్కటే. ఆమె మాట్లాడేది, నేను రొప్పేవాణ్ని. మా కాపురంలో ఆ పాత్రలు తారుమారైంది అప్పుడు మాత్రమే.

అయితే సుగుణకు పరుగు ఒక్క పండగే కాదు, పంతం కూడా. ఆమె అక్క సరోజది కాల్హేర్. బావ సత్తయ్య అక్కడ గోదాముల్లో లోడింగ్ పని చూసే మేస్త్రీ, భుజాలు లారీ తలుపుల్లా ఉంటాయి. రెండేళ్లు వరసగా వాళ్లే మొదట, మేం రెండో స్థానం. ఓడినామె మరుసటి ఆదివారం గెలిచినామె ఇంటిల్లిపాదినీ పిలిచి, మామిడిపళ్లు స్వయంగా పిండి రసం పోయాలని అక్కాచెల్లెళ్ల మధ్య ఒప్పందం. రసం పోయడం కష్టం కాదు. తాగుతూ అక్క అనే మాటలే కష్టం.

"చెల్లె, రసం మంచిగుందే. మీ ఆయన ఉరుకుడు లెక్క లేదు, చిక్కగుంది."

"వచ్చే ఏడు నీతోని పిండిస్తా అక్కా, చూస్తుండు."

"పిండిపియ్యి. మరిదికి జర కాళ్లు మొలవనియ్యి మరి."

ఆ మాటకు సత్తయ్య అన్న నవ్వే నవ్వుకు మా ఇంటి పెంకులు అదిరేవి. సుగుణ నవ్వేది కాదు. టెంకలు గిన్నెలో పడే చప్పుడుతోనే ఆమె కోపం ఎంతో నాకు తెలిసేది.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. పరుగులో జంట విడిపోకూడదని సంఘం వాళ్లు భార్య కొంగుకూ భర్త కండువాకూ ముడివేసి వదిలేవాళ్లు. మూడో ఏడు సభలో నేను లేచాను. కొంగుముడి బానిసత్వానికి గుర్తు అన్నాను. ఆడదాన్ని మగవాడికి కట్టేసే ఆచారాన్ని ఆటలోకి కూడా తెచ్చిన మన బుద్ధికి సిగ్గుపడాలన్నాను. బల్ల గుద్దాను. చాయ్ గ్లాసులు ఎగిరాయి.

సంఘంలో పెద్ద మల్లయ్య తాత. నలభై ఏళ్లు జాబర్‌గా భివండిలో మగ్గాలు బాగుచేసినవాడు. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ అడిగాడు: "మరి ఏం కడుదామంటవ్ బిడ్డా?"

"ఏదీ కట్టొద్దు తాతా! చెరొక కొస చేతిలో పట్టుకునేలా ఒక్క నూలు పోగు ఇవ్వండి. ఎవరు గుంజినా తెగుతుంది. గుంజకుండా, ఒకరికొకరు సమానంగా పరిగెత్తినవాళ్లే గెలుస్తారు. గీత దాటేటప్పుడు పోగు ఇద్దరి చేతుల్లో ఒక్కటిగా ఉండాలి. అంతే!"

చప్పట్లు మోగాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నా మాటలకు నాకే. నూలు దుకాణం నాదే కాబట్టి పోగులు తెచ్చే బాధ్యత కూడా నాకే అప్పగించారు. అక్కడే నా పతనం మొదలైంది.

నేరుగా షెడ్డుకు వెళ్లి గర్వంగా చెప్పాను. సుగుణ మగ్గంలో నూలు కండె మార్చడం ఆపింది.

"ఏందయ్యా, కొంగుముడి తీసేయించినవా?"

"అవును! నీ కోసం, నీ జాతి కోసం."

"రెండేండ్లు నిన్ను రెండో నంబరుకు ఎట్ల తెచ్చిన్ననుకుంటున్నవ్? ముడుంటే గుంజుకపోయిన. ఇప్పుడు పోగుతోని నిన్నెట్ల గుంజాలె?"

రెండేళ్లుగా నేను ఆమెకు తోడుగా ఒకడుగు వెనక పరిగెత్తుతున్నాననే అనుకున్నాను పాఠకులారా. నేను వెనక పరిగెత్తలేదు, వెనక ఈడ్చబడ్డాను. ఆ సత్యాన్ని అంగీకరించేంత సాహసం అప్పటి నా హేతువాదానికి లేదు.

"అయితే అయింది గని, పడుగు పోగే తెచ్చుడు మరువకు," అంది సుగుణ. "గంజి పట్టిన పోగు జర ఆగుతది."

"పోగుల్లో కూడా హెచ్చుతగ్గులా? పడుగైనా పేకైనా పోగు పోగే!"

నేత తెలియని పాఠకులకు ఒక్క మాట. మగ్గం మీద నిలువుగా బిగించేది పడుగు. దానికి గంజి పెట్టి గట్టిచేస్తారు, మగ్గం దెబ్బలన్నీ అదే తింటుంది. అడ్డంగా వెళ్లేది పేక. దానికి గంజి ఉండదు, మెత్తగా కండెలోంచి జారిపోతే చాలు. ఈ తేడా మా వాళ్లలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మా తాత నేశాడు, నాన్న నేశాడు, నేను ఉపన్యాసాలిచ్చాను. చేతికి దొరికిన పేక కండెను సంచిలో వేసుకుని పోటీకి బయలుదేరాను. పోగులకు కూడా సమాన హక్కులిచ్చిన మొదటి సంస్కర్తను నేనే అయి ఉంటాను.

పోటీ రోజు ఎనిమిదింటికే ఎండ పెనంలా కాలుతోంది. పదిహేను జంటలు చెరొక కొస పట్టుకుని వరసగా నిలబడ్డాయి. సుగుణ పోగును రెండు వేళ్ల మధ్య నలిపి నా వైపు చూసింది. ఆ చూపును వర్ణించే శక్తి నా కలానికి లేదు.

"ఇది పేక."

"పోగు పోగే..."

"నోరు మూస్కో. ఇటియ్యి, నీళ్లల్ల ముంచిస్త. తడిస్తే జర ఆగుతది."

నేను నవ్వాను. "తడిపితే తాడవుతుందా? ఇదే మూఢనమ్మకమంటే!" అని ఆమె తడిపి ఇచ్చిన పోగును జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి ఆరబెట్టాను. నూలు తడిస్తే బలపడుతుందని తరువాత ఒక పుస్తకంలో చదివాను. అంటే ఆ రోజు శాస్త్రం సుగుణ పక్షాన నిలబడింది. నా పక్షాన నేనొక్కణ్నే నిలబడ్డాను.

మల్లయ్య తాత ముందు ఆటోలో కూర్చుని ఈల ఊదాడు. నలభై అడుగులు పడ్డాయో లేదో, టప్. ఇంకో టప్. పదిహేను పోగులూ తెగాయి. పదిహేను జంటలూ నడిరోడ్డు మీద ఆగిపోయాయి.

"నువ్వే గుంజినవ్!"

"నేనెందుకు గుంజుత? నీదే దున్నపోతు ఉరుకుడు!"

"మొన్న మీ అన్న పెండ్లిల గిట్లనే జేసినవ్!"

"మా అన్న ఊసెందుకిప్పుడు? మీ అమ్మ ఏం జేసిందో చెప్పాల్నా?"

పెళ్లయిన నాటి నుంచి దాచుకున్న పంచాయితీలన్నీ రోడ్డు మీదికి వచ్చాయి. ఒకాయన తన భార్య పులుసులో ఉప్పు గురించి లారీ డ్రైవర్‌కు చెప్పుకుంటున్నాడు. ఎవరు గుంజారో తేల్చే సమానత్వ పోగు, ప్రతి కాపురంలోనూ అవతలివాళ్లే గుంజారని తేల్చింది. మధ్యలో ఒకామె నా వైపు వేలు చూపించి, "అగో, గా భాషణ్ సేటు తెచ్చిండు ఈ పోగు!" అంది. పదిహేను జంటలూ ఆ రోజు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

అప్పుడు సరోజక్క అరిచింది. "మల్లయ్య తాతా! ముడేస్తే చెల్లుతదా?"

నేను గబగబా ముందుకొచ్చాను. "చెల్లదు! నియమం ప్రకారం పోగు ఒక్కటిగా ఉండాలి, తెగినది తెగినదే..."

"ఏమయ్యా, నువ్వెవ్వరి దిక్కు?" అంది సుగుణ పళ్లు కొరుకుతూ.

తాత ఆటోలోంచి తల బయటపెట్టాడు. "ముడేసిన పోగు తెగిన పోగెట్లయితది? గట్లయితే భివండిల నేసిన బట్టంత చినిగిన బట్టే. ముడెయ్యిండ్రి, ఉరుకుండ్రి!"

ఆ తీర్పుతో పరుగు స్వరూపమే మారిపోయింది. మగ్గం పని తెలిసిన ఆడవాళ్లు నవ్వుతూ ముడులు వేసుకుని బయలుదేరారు. మగవాళ్లు చేతులు చాచి నిలబడ్డారు, గాజులు తొడిగించుకునే వాళ్లలా. సుగుణ పరిగెత్తుతూనే, ఒంటి చేత్తో, చూడకుండా ముడి వేసేది. ప్రతి వంద అడుగులకూ నేను తెంపేవాణ్ని, ప్రతి వంద అడుగులకూ ఆమె కలిపేది. నీళ్లిచ్చే చోటల్లా పోగును గ్లాసులో ముంచేది. నేనిక తుడవలేదు.

కానీ ముడి ముడికీ కాస్త పోగు ఖర్చవుతుంది కదా. రెండు మూరలది మూరైంది, మూర కాస్తా జానెడైంది. కాల్హేర్ గోదాములు కనిపించేసరికి మేమిద్దరం చూపుడు వేలికి చూపుడు వేలు తగిలేంత దగ్గరగా, భుజాలు రాసుకుంటూ పరిగెత్తుతున్నాం. పెళ్లయిన కొత్తలో కూడా పదిమందిలో అంత దగ్గరగా నడవలేదు.

"గిట్ల ఉరుకుతె మంచిగనే ఉందయ్యా," అంది సుగుణ మెల్లగా. చెమటతో మొహం మెరిసిపోతోంది.

"కదా? నేను చెప్పలే..."

"మాట్లాడకు. పోగు అదురుతది."

సరోజక్కా సత్తయ్య అన్నా మా వెనక ముప్పై అడుగుల దూరంలో ఉన్నారు. ఆయన వేళ్లు అరటికాయలంత లావు, పట్టినప్పుడల్లా పోగు పుటుక్కుమనేది. వెనక నుంచి అక్క తిట్లు వినిపిస్తున్నాయి: "పట్టుకొమ్మంటె పిసుకుతున్నవేంది? అది నువ్వు మోసే బోరెం కాదు!" గీతకు ఇక పది అడుగులు. సుగుణ కళ్లలో మామిడిపళ్లు కనిపిస్తున్నాయి నాకు. అక్క పిండే మామిడిపళ్లు.

అప్పుడు గీత అవతల, నా ఉపన్యాసాలు వినే సంస్కరణ సంఘం మిత్రులు కనిపించారు. నన్ను చూసి చేతులు ఊపారు. నా సిద్ధాంతం గెలుస్తోంది! నా గుండెలో ఉపన్యాసం పొంగింది. పిడికిలి బిగించి, చెయ్యి ఆకాశంలోకి ఎత్తి, గొంతు చించుకుని నినాదం ఇస్తూ గీత దాటాను.

"స్త్రీ పురుష సమానత్వం వర్ధిల్లాలి!"

చప్పట్లు లేవు. అంతా నా వెనక్కి చూస్తున్నారు. నేనూ తిరిగి చూశాను. నా పిడికిట్లో అంగుళం పోగు గాలికి ఊగుతోంది. పది అడుగుల వెనక, రోడ్డు మధ్యలో, మిగిలిన పోగు ముక్క పట్టుకుని సుగుణ నిలబడి ఉంది. ముడి వేద్దామంటే రెండో కొస ఆమె దగ్గర లేదు. అది గీత అవతల సమానత్వం సాధించేసింది.

ఆమె పక్క నుంచి సరోజక్క దంపతులు నింపాదిగా నడుచుకుంటూ వచ్చి గీత దాటారు. దాటుతూ సత్తయ్య అన్న నా భుజం తట్టాడు. "బాగ అన్నవ్ తమ్మీ. మల్లొక్కసారి అను."

మల్లయ్య తాత తీర్పు చెప్పాడు. "సింగిల్ మగోనికి ప్రైజ్ లేదు."

తిరుగు బస్సులో సుగుణ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని, "సుగుణా, క్షమించు" అన్నాను. ఇటు తిరిగింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెయ్యి లేపి... సమానత్వమని... ఒక్కనివే పోతివి గదయ్యా!"

మరుసటి ఆదివారం రసం నేనే పిండాను. సరోజక్క నాలుగు గ్లాసులు తాగింది. ప్రతి గ్లాసుకూ ముందు పిడికిలి ఎత్తి నినాదం ఇచ్చి మరీ తాగింది.

మళ్లీ ఏడు సభలో సుగుణ లేచింది. నేను బిత్తరపోయాను, ఆమె సభల్లో మాట్లాడే మనిషి కాదు. "కొంగుముడి వద్దంటె వద్దు, ఒప్పుకుంట," అంది. "గని పోగు సుత వద్దు. ఇద్దరి నడుముకు మగ్గం మోటారు తిప్పే తోలు పట్టా కట్టుండ్రి. సమానమంటె ఎవ్వలు గుంజకుంట ఉండుడు కాదు. గుంజే హక్కు ఇద్దరికి ఉండుడు." కూర్చుంది. నా మూడు గంటల ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క మాట ముందు పేక పోగుల్లా పుటుక్కుమన్నాయి. ఆ ఏడు ఆమె నన్ను ఈడ్చుకుంటూ మొదటి స్థానంలో గీత దాటింది. సరోజక్క మామిడిపళ్లు పిండుతుంటే నా భార్య కాళ్లు చాపుకుని కూర్చుని అన్న మాట, "అక్కా, జర పలుచగుంది," నేను చచ్చేదాకా మరిచిపోను.

హేతువాదిని కనుక దేవుడి మీద ఒట్టు పెట్టను. మా షెడ్డులో గంజి పట్టి నిటారుగా నిలబడ్డ పడుగు మీద చెయ్యి వేసి, పాఠకులందరి ఎదుటా గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నూలు పోగులన్నీ సమానమని జన్మలో మళ్లీ అనను. సుగుణ తడిపి ఇచ్చినదాన్ని తుడవను. ఇక మీదట ఎక్కడైనా స్త్రీ పురుష సమానత్వం అని పిడికిలి ఎత్తాల్సి వస్తే, ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, మా ఆవిడ గీత దాటిందో లేదో చూసుకుని మరీ ఎత్తుతాను.