పిండిన గుడ్డ

"కీల వంక చూడొద్దు. పడిన అక్షరం వంకా చూడొద్దు. వేళ్లను నమ్మండి." టైపు మాస్టారు ముప్పై ఏళ్లుగా చెబుతున్న పాఠం ఇదొక్కటే. తల తిప్పిన వాళ్ల చేతి మీద స్కేలు పడేది. టైపు మిషన్లు అటకెక్కి, వాటి చోట ఆరు పాత కంప్యూటర్లు వచ్చినా పాఠం మారలేదు, స్కేలూ మారలేదు.

ఆ ఆరూ ఈమధ్య నత్తలతో పోటీ పడుతున్నాయి. విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిస్తే ముసలి మిషన్లు కూడా పరిగెడతాయని ఎవరో చెప్పారు. మాస్టారు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, చేయాల్సినవి నోటుబుక్కులో వరుసగా రాసుకుని, కిటికీ పక్క మిషన్‌తో మొదలుపెట్టారు. ఎక్కడం బాగానే ఎక్కింది. వైఫై మాత్రం రాలేదు. దానికి ఒక ఆదేశం టైపు చేయాలట. చేశారు. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టారు. తెర మీద ఒక్క చుక్క పడలేదు. మళ్లీ గట్టిగా కొట్టారు. ఊహూఁ. కీబోర్డు బోర్లించి తట్టారు. లినక్స్ మొత్తం మొదటినుంచి మళ్లీ ఎక్కించారు. సరిగ్గా అక్కడికొచ్చి మళ్లీ అదే మొరాయింపు.

ఆదేశం దాకా పనిచేసిన కీబోర్డు పాస్‌వర్డ్ దగ్గరే ఎందుకు చచ్చిందని ఆలోచించొచ్చు, పక్క మిషన్ కీబోర్డు తెచ్చి తగిలించి చూడొచ్చు. ఆయనకు ఆ అవసరం కనిపించలేదు. కారణం అప్పటికే దొరికింది. పొద్దున గదులు ఊడ్చే పిన్ని ఆ బల్ల తుడుస్తుండగా ఆయన చూశారు.

"ఏవమ్మా, నీళ్లోడే గుడ్డతో తుడిచావా దీన్ని?"

"లేదు మాస్టారూ, పిండే తుడిచాను. కావాలంటే చూడండి," అని గుడ్డ చాచింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ముప్పై ఏళ్లలో ఇక్కడ ఒక్క మిషన్ తడవలేదు. రేపట్నుంచి నా బల్లల జోలికి రాకు."

మిగతా అయిదు మిషన్ల ముందు ఇద్దరేసి కూర్చున్న పదిమంది పిల్లలు టైపు చేయడం ఆపి చూశారు. పిన్ని బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఒక పాత శిష్యురాలు కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చింది. ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఆమెది.

"ఈ కీబోర్డు చచ్చిందమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె తెర చూసింది. "నిక్షేపంగా ఉంది మాస్టారూ. పాస్‌వర్డ్ దగ్గర ఇది ఏమీ చూపించదు. పక్కవాళ్లు ఎన్ని అక్షరాలో లెక్కపెట్టకుండా. కొట్టేసి ఎంటర్ నొక్కండి."

"కనిపించకుండా ఎలా కొట్టేది?"

"ఈ మాట అడిగినందుకే కదా నా చేతిమీద స్కేలు విరగ్గొట్టారు," అని నవ్వింది.

పిల్లలూ నవ్వారు. మాస్టారు కొట్టారు, ఎంటర్ నొక్కారు. తెర మీద వరుసలు గబగబా పరిగెత్తాయి. వైఫై వచ్చింది. ఆయన మొహంలో మాత్రం కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

మర్నాడు పిన్ని నేల ఊడ్చింది, బల్లలు ముట్టలేదు. మూడు రోజుల్లో కీల సందుల్లో దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ములో వేళ్లు పెట్టినప్పుడల్లా మాస్టారికి తల కొట్టేసినట్టుండేది. నాలుగో రోజు పెరట్లో కుళాయి దగ్గర ఆమెను పట్టుకున్నారు.

"ఆ రోజు తప్పు నాదేనమ్మా. కీబోర్డుకేం కాలేదు."

"తెలుసు మాస్టారూ, పిల్లలు చెప్పారు." బకెట్ నిండాక ఆమె కుళాయి కట్టేసింది. "అన్నప్పుడు పదిమంది ఉన్నారు. ఇప్పుడేమో కుళాయి ఒక్కటే ఉంది."

మాస్టారు క్లాసులోకి వెళ్లి నిలబడ్డారు. పిల్లల్ని టైపు ఆపమన్నారు.

"ఆ కీబోర్డు తడవలేదు. నాకు చేతకాక పిన్నిని అన్నాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెయ్యి స్కేలు వైపు వెళ్లలేదు. గుమ్మంలోంచి పిన్ని వచ్చి గుడ్డ చాచింది. ఈసారి తీసుకున్నారు. ఎంత మెలితిప్పినా చుక్క రాలలేదు. తలెత్తకుండానే కిటికీ పక్క బల్ల తుడవబోయారు.

"ఇటివ్వండి మాస్టారూ," అని ఆమె గుడ్డ లాక్కుంది. "మీకు తుడవడం కూడా రాదు."