మేం పీకేసిన ఎండుచేపల పందిళ్ళు

ఎనభైల మొదట్లో నేను హ్యూస్టన్‌లో నర్సుని. మా హెడ్ నర్సు పట్టుబట్టి నన్నొక సంఘంలో చేర్పించింది. మెక్సికోలో సముద్రం ఒడ్డునున్న ఒక జాలర్ల ఊరిని బాగుచేసే వాలంటీర్ల సంఘం. ప్రెసిడెంటు ఆవిడే. ఏడాదికి రెండుసార్లు వ్యాన్లేసుకుని వెళ్ళి, బడికి రంగులేసి, పిల్లలకి టూత్‌బ్రష్‌లు పంచి, వాళ్ళని చంకనెత్తుకుని ఫోటోలు దిగి వచ్చేవాళ్ళం. ఆ ఫోటోలు ఇప్పటికీ ఎవరికీ చూపించను నేను.

ఒక ఆదివారం చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. ప్రెసిడెంటు డోనట్ నములుతూ, "బీచ్ మీద ఆ చేపలు ఎండేసే పందిళ్ళు తీయించేద్దాం. ఆ కంపేంటి, ఆ ఈగలేంటి!" అంది. అందరూ ముక్కులు పట్టుకుని నవ్వారు. మాలో స్పానిష్ వచ్చిన పెద్దాయన ఒక్కడే, "ఆ ఊరి ఆడవాళ్ళు బతికేది వాటి మీదే కదా" అన్నాడు. దాంతో ఆవిడ నావైపు తిరిగి, "నువ్వు నర్సువి, నువ్వు చెప్పు హనీ. తినొచ్చా అవి?" అని అడిగింది.

తినొచ్చు అని ఒక్క మాటంటే పందిళ్ళు నిలిచేవి. నేనేమన్నా పరాయిదాన్నా? చీరాల దగ్గర సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. ఎండు నెత్తళ్ళు నంజుకోకపోతే మా అమ్మకి పప్పుచారు దిగేది కాదు. కానీ అంతకు నెల ముందే ఎండు రొయ్యలు వేయించుకుంటుంటే అపార్ట్‌మెంట్ మేనేజర్ తలుపు కొట్టి, లోపల ఏదైనా చచ్చిందా అని అడిగిపోయాడు. ఆ సిగ్గు ఇంకా ఒంటిని పట్టుకునే ఉంది. "అన్‌హైజీనిక్" అన్నాను. నా నోరు పడిపోను! పైగా ముక్కు కూడా చిట్లించాను.

వేసవిలో వెళ్ళి పీకేశాం. గ్లోవ్స్ తొడుక్కుని, పాటలు పాడుకుంటూ మరీ! ఆ కర్రలతో పిల్లలకి ఉయ్యాల కట్టాలని ప్రెసిడెంటు ఐడియా. ఛీ! ఊరి ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. ఒక ముసలావిడ మాత్రం వచ్చి, ఇసకలో పడ్డ చేపలు తట్టలోకి ఏరుకోవడం మొదలుపెట్టింది. చూడలేక నేనూ కూర్చుని ఏరాను. ఒకదాన్ని ఊరికే, అలవాటుగా, తోక దగ్గర వంచి చూశాను. టప్పున విరిగింది. బాగా ఎండిందని నాలో నేనే అనుకుని తలూపాను.

ముసలావిడ ఏరడం ఆపేసింది. నా చేతులవంక చూసి, మొహమంతా నవ్వుతో ఏదో అడిగింది. పెద్దాయన తర్జుమా చేశాడు: "మీ దేశంలోనూ ఇలాగే ఎండేస్తారు కదా తల్లీ, అంటోంది."

ప్రెసిడెంటు నా పక్కనే నిలబడి ఉంది.

"నో" అన్నాను.

స్పానిష్‌లోనూ ఆ మాట అదే. పెద్దాయన నోరు విప్పాల్సిన పని పడలేదు. ముసలావిడ నా చేతిలోంచి ఆ చేప ముక్కలు రెండూ తీసుకుని తన తట్టలో వేసుకుంది.